‘ఎందుకై ఉంటుంది?’ అని చిన్నపిల్లల్ని అడగొద్దా?

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘ఐదో తరగతి దాకా తప్పుల్లేకుండా చదవడం వస్తే చాలు. పాఠంలో లేనిది ఊహించి చెప్పమంటే పిల్లలకు టెన్షన్. ఆ శక్తి తెలివిని బట్టి పెద్దయ్యాక అదే వస్తుంది, నేర్పితే వచ్చేది కాదు. పైగా ఊహించడం అలవాటైతే నోటికొచ్చింది చెబుతారు. పరీక్షల్లో దానికి మార్కులూ లేవు.’ ఇది నమ్మి ఇంట్లో కథల పుస్తకాలు పక్కన పెట్టి, పిల్లల చేత వేగంగా చదివించడమే పనిగా పెట్టుకునేవాళ్లుంటారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

చిన్నపిల్లలకు అందదన్నది మొదటి మాట. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ అని పొడుపు కథ వేస్తే, ఇంకా బడి మొహం చూడని పిల్ల కూడా కాసేపు ఆలోచించి ‘కంటి రెప్పలు’ అంటుంది. మూసుకోవాలి, చప్పుడు కాకూడదు అనే రెండు ఆధారాలు కలిపి తేల్చిన జవాబది. నోటితో చేస్తున్న ఆ పనినే పుస్తకం ముందు కూడా చేయించమంటున్నాం.

తప్పుల్లేకుండా చదివితే చాలా? చాలదు. కథలో ‘“లోపలికి రండి” అంది’ అని మాత్రమే ఉందనుకోండి. పిలిచింది ఆడమనిషని, వచ్చినవాళ్లు పెద్దవారో, కొత్తవారో, ఒకరికంటే ఎక్కువమందో అని చదివేవాళ్లే గ్రహించాలి. తెలుగు వాక్యం కర్తను తరచూ దాచేస్తుంది. అక్షరాలు గడగడా చదివి ఇది పట్టుకోలేని పిల్లలకు రెండో పేజీకల్లా కథ తెగిపోతుంది. అక్షరాలు కూడబలుక్కునే దశలో ప్రశ్నలతో ఊపిరాడనివ్వకూడదన్నది నిజమే. అప్పుడు మనం చదివి వినిపించి అడగొచ్చు.

నేర్పితే రాదన్నది అన్నిటికంటే నష్టం చేసే మాట. నికోలా యూయిల్, జేన్ ఓక్‌హిల్ అనే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనం దీన్ని నేరుగా పరీక్షించింది. బ్రిటన్‌లో ఏడెనిమిదేళ్ల పిల్లలు, చదవడం బాగానే వచ్చినా అర్థం అందనివాళ్లు. వాళ్లకు ఆధారమిచ్చే మాటలు వెతకడం, చదివినదాని మీద సొంతంగా ప్రశ్నలు వేసుకోవడం నేర్పారు. వేగంగా చదివే సాధన మాత్రమే చేసిన పిల్లలకంటే వీళ్లు అర్థం చేసుకోవడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. ‘వీడికి తెలివి లేదు’ అని మనం వదిలేసే పిల్లల్లో ఎందరో కేవలం ఎవరూ దారి చూపించక మిగిలిపోయినవాళ్లే. ఆ మాట తలుచుకుంటే బాధేస్తుంది.

ఇక నోటికొచ్చింది చెబుతారన్న భయం. ఈ నాలుగు వాక్యాలు చూడండి: ‘సీతమ్మ పెరట్లోకి పరుగెత్తింది. తీగ మీది బట్టలన్నీ గబగబా లాగి చంకలో పెట్టుకుంది. ఆరబోసిన మిరపకాయల మీద పట్టా కప్పింది. దూడను తీసుకెళ్లి కొట్టంలో కట్టేసింది.’ ఎందుకై ఉంటుంది? ‘కోతులొచ్చాయి’ అంటాడొక పిల్లాడు. తప్పని కొట్టిపారేయకండి. ‘ఏ మాట చూసి అనుకున్నావు నాన్నా?’ అనండి. బట్టలు, మిరపకాయలు చూపిస్తాడు, కోతులు రెండిటినీ పాడుచేస్తాయి కదా. ‘మరి దూడ?’ అంటే ఆగిపోతాడు. మళ్లీ మొదటి నుంచి చదువుతాడు. నాలుగింటికీ కుదిరేది వాన అని తనే తేలుస్తాడు. ‘వాన’ అన్న మాట అందులో ఎక్కడా లేదు. నోటికొచ్చింది చెప్పే అలవాటు ఇలా ఆధారం అడిగినప్పుడే పోతుంది. మిరపకాయలు ఎండబెట్టడం ఎప్పుడూ చూడని పట్నం పిల్లలకు ముందు ఆ సంగతి చెప్పాలి. తెలియని లోకం గురించి ఆధారాలిచ్చినా పనికిరావు.

మార్కుల మాటకు జవాబు చిన్నది. నాలుగో తరగతి పిల్లలు చదివింది ఎంత అర్థం చేసుకుంటున్నారో కొలిచే అంతర్జాతీయ పరీక్ష పర్ల్స్ 2001లో మొదలైనప్పటి నుంచీ ఇలాంటి ప్రశ్నలు అడుగుతూనే ఉంది. మన దేశంలో 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా మూడో తరగతికల్లా అర్థం చేసుకుంటూ చదవాలనే అంటోంది. మన పదో తరగతి తెలుగు పరీక్షలో అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. ఆ రోజు కంఠస్థం చేసిన పాఠం ఏదీ ఆదుకోదు.