బ్లీచింగ్ పౌడరు బస్తా గారికి ఒక కప్పల పక్షపాతి విన్నపం

మహారాజశ్రీ బ్లీచింగ్ పౌడరు బస్తా గారి సముఖమునకు, అనంతపురం పట్టణంలోని ఒకానొక కాలనీలో చివరి వీధి చివరి ఇంటివాడు నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

పూర్వపు మర్యాద ప్రకారం "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టవలసి ఉన్నప్పటికీ, ఆ మాట వ్రాయడానికి చేయి రావడం లేదు. తమరి కుశలానికి లోటేమీ లేదని నాకు తెలుసు. తమరి బంధువులను మరికొన్ని బస్తాల మేరకు పిలిపించడానికి మొన్నటి సమావేశంలో మా సంక్షేమ సంఘం వారు ఏకగ్రీవంగా నిధులు మంజూరు చేశారు. అనుమానమల్లా మా పెరటి నీటిగుంట కుశలం గురించే. కాబట్టి సగం కుశలంతో సరిపెట్టుకొని అసలు సంగతికి వస్తాను.

ఆ గుంట తమరికి పరిచయమే. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, లోపల ఒక కలువ, కొంత నాచు, గట్టున కొన్ని రాళ్లు. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే జిల్లాలో నీళ్లను ఊరికే నిలబెట్టి చూసుకోవడమేమిటని మా బంధువులు వెక్కిరించారు. అనంతసాగరమనే చెరువు పేరే ఊరి పేరైందని చెప్పుకునే చోట ఇంటికొక గుంట ఉంటే తప్పేమిటని నేను వాదించాను. ఆ వాదన ఎవరికీ ఎక్కలేదు గానీ, కప్పలకు మాత్రం ఎక్కింది.

వేసవి అంతా మట్టిలోనూ రాళ్ల సందుల్లోనూ కదలక మెదలక పడి ఉన్న జీవులు, మొదటి గట్టి వాన పడిన రాత్రే ఎవరో దండోరా వేయించినట్లుగా వచ్చి చేరాయి. మగవి గొంతు సంచులు ఉబ్బించి పిలిచాయి, ఆడవి విని వచ్చాయి, తెల్లవారేసరికి గుంటలో గుడ్లున్నాయి. అన్ని కప్పలూ ఒకే విధంగా గుడ్లు పెడతాయని అనుకునేవారు ఆ ఉదయం వచ్చి చూడవలసింది. ఒళ్లంతా బొడిపెలుండే నేలకప్ప తన గుడ్లను నల్లపూసలు గుచ్చినట్లు రెండు పొడవాటి జిగురు దారాలుగా కలువ కాడలకు చుట్టి వెళ్లిపోయింది. బొటనవేలి గోరంత ఉండే చిరుకప్ప నీటి మీద ఒక పలుచని పొరగా గుడ్లను పరిచింది. చెట్టుకప్పకు నీటిలో గుడ్లు పెట్టడమే నచ్చలేదు కాబోలు, నీటికి జానెడు ఎత్తున గుంట గోడకు తెల్లటి నురగతో గూడు కట్టి అందులో పెట్టింది. గుడ్లు పిగిలాక పిల్లలు ఆ నురగలోనుంచి జారి కిందనున్న నీటిలో పడతాయి. (ఆ నురగను చూసిన సంఘం వారు, నేను పెరట్లో సబ్బునీళ్లు నిలవ చేస్తున్నానని ఆరోపిస్తూ నోటీసు పంపారు. జీవశాస్త్ర చరిత్రలో దానికొక స్థానం ఉండవచ్చునన్న ఆశతో దానిని భద్రపరిచాను.)

రెండు మూడు రోజులకు గుడ్లలోనుంచి తోకకప్పలు వచ్చాయి. మొప్పలతో ఊపిరి పీలుస్తూ, నాచును గీరుకొని తింటూ మొదలైన ఆ బతుకులు, ముందుగా వెనక కాళ్లు, ఆ తర్వాత ముందు కాళ్లు తెచ్చుకొని, తోకను తమ ఒంట్లోకే ఇముడ్చుకొని, ఊపిరితిత్తులు సిద్ధం చేసుకొని గట్టెక్కడానికి మన ఎండల్లో నెల, నెలన్నర పడుతుంది. మా వీధి మురుగుకాలువ మీద విరిగిన బండను మార్చడానికి పట్టిన కాలంతో పోలిస్తే ఇది నమ్మశక్యం కాని వేగమని ఒప్పుకోక తప్పదు.

వెనక కాళ్లు మొలిచి ముందు కాళ్లు ఇంకా మొలవని దశలో, ఒకానొక ఉదయం, తమరు ప్లాస్టిక్ బకెట్టులో కూర్చొని మా పెరట్లోకి వేంచేశారు. "దోమలు సార్. మీటింగులో తీర్మానం చేసినారు" అని తమరిని మోసుకొచ్చిన మనిషి మర్యాదగానే చెప్పాడు. నేను నోరు తెరిచేలోగా రెండు దోసిళ్లు పడ్డాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క మనవి చేసుకుంటాను. తాగునీటిని శుద్ధి చేయడానికి వెయ్యి లీటర్లకు నాణ్యమైన పౌడరు సుమారు రెండున్నర గ్రాములు చాలునని ప్రజారోగ్య పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అంతమాత్రం కలిపి గంటసేపు ఆగితే ఆ నీటిని మనుషులు నిశ్చింతగా తాగవచ్చు. బావుల్లోనూ ట్యాంకుల్లోనూ ఆ మోతాదులో తమరు చేసే సేవను శంకించేంత కృతఘ్నుణ్ణి కాను. కలరా, విరేచనాల నుంచి ఎన్ని పల్లెలు తమరి వల్ల బయటపడ్డాయో అందరికీ తెలిసిన విషయమే. అయితే మా గుంటలో పట్టేది సుమారు 850 లీటర్లు. అంటే రెండు గ్రాములు సరిపోవలసిన చోట తమరు దోసిళ్లతో వచ్చారు. ఒక్కొక్క దోసిలి వంద గ్రాములకు తక్కువ తూగదు గనుక, మనిషికి పెట్టే మోతాదుకు వంద రెట్లు కప్పపిల్లకు పెట్టారన్నమాట. ఇంతటి ఔదార్యం మా వీధి మంచినీటి కుళాయి పట్ల చూపి ఉంటే బాగుండేది.

కప్ప గుడ్డుకు పెంకు లేదు. ఉన్నదల్లా నీటిని లోపలికి రానిచ్చే జిగురు మాత్రమే. తోకకప్పకు ఉన్నవి సున్నితమైన మొప్పలు. ఎదిగిన కప్ప కూడా నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా ఆ తడి చర్మం గుండానే తీసుకుంటుంది. నీటిలో ఏది కలిస్తే అది నేరుగా ఒంట్లోకి పోయే జీవి కాబట్టి, తమరిలోని క్లోరిన్‌కు ఇంతకంటే అనువైన లక్ష్యం దొరకదు. సాయంత్రానికి గుంటలో కదిలేది ఏదీ మిగలలేదు. తూనీగ పిల్లలు పోయాయి, నీటిపురుగులు పోయాయి, తోకకప్పలు తెల్లబడి అడుగున పడ్డాయి. తర్వాత ఎండకు క్లోరిన్ ఎగిరిపోయింది. నీరు తేటపడగానే, కాపలా లేని ఆ గుంటలో గుడ్లు పెట్టడానికి ముందుగా వచ్చినవి దోమలే. మన వేడికి దోమ గుడ్డు దోమై ఎగరడానికి పది రోజులు కూడా అక్కరలేదు. పాతవారిని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, కొత్తవారికి తాళాలు అప్పగించినట్లుగా తమరు వ్యవహారాన్ని ముగించారు.

కప్పలు ఊళ్లోని దోమలన్నిటినీ మింగేస్తాయని కప్పల పక్షాన అబద్ధమాడే ఉద్దేశం నాకు లేదు. వీధి దీపం కింద కూర్చునే నేలకప్ప తినేది ఎక్కువగా పేడపురుగులు, చీమలు, ఉసుళ్లు, కీచురాళ్లు. దోమ దానికొక చిరుతిండి కూడా కాదు. తోకకప్పల్లో చాలావాటికి నాచే ఆహారం, బోదురుకప్ప పిల్లలు మాత్రం మాంసాహారులు, దోమ పిల్లలనే కాదు, సాటి తోకకప్పలను కూడా వదలవు. దోమను అదుపులో పెట్టేది ఏ ఒక్క జీవీ కాదు, నాచు దగ్గర నుంచి తూనీగ దాకా గుంటలో ఉండే పరివారమంతా కలిసి ఆ పని చేస్తుంది. ఆ పరివారాన్ని మొత్తంగా కడిగేసే శక్తి ఉన్నది తమరికే.

దోమ సంగతి మనకు కొత్తదేమీ కాదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. నేరస్థుడెవరో ఆనాటి నుంచే తెలుసు, చిరునామా కూడా తెలుసు. పట్టణాల్లో మలేరియా మోసే దోమ ఇళ్ల మీది ట్యాంకుల్లోనూ సంపుల్లోనూ పెరుగుతుంది. డెంగీ దోమకు కూలరు అడుగు నీళ్లు, ఫ్రిజ్ వెనక పళ్లెం, పాత టైరు, పగిలిన కుండ చాలు. అందుకే శుక్రవారం శుక్రవారం నీళ్ల పాత్రలన్నీ బోర్లించి ఆరబెట్టండని "ఫ్రైడే డ్రైడే" పేరుతో ప్రభుత్వం మొత్తుకుంటున్నది. నిలవ నీటిలో దోమ పిల్లలను చంపడానికి ఆరోగ్య సిబ్బంది ప్రధానంగా వాడే మందు టెమిఫాస్ అనేది. ఆ కొలువులో తమరికి ఉద్యోగమే లేదు. అయినప్పటికీ మా సంఘ భవనం మీద మూత ఎగిరిపోయిన ట్యాంకు అలాగే ఉంది, కార్యదర్శి గారి కూలరులో నిరుటి నీళ్లు అలాగే ఉన్నాయి, శిక్ష మాత్రం కప్ప గుడ్లకు పడింది.

దీనికి కారణం నాకు అర్థం కాకపోలేదు. తమరు తెల్లగా ఉంటారు. దూరానికి కనిపిస్తారు. అధికారి ఎవరైనా వస్తున్నారంటే దారికి రెండు పక్కలా గీతగా పడుకోగలరు, ఘాటు వాసనతో "పని జరిగింది" అని ముక్కుకు కూడా సాక్ష్యం చెప్పగలరు. చల్లుతున్న ఫొటో క్షణంలో వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది, దాని కింద చప్పట్ల బొమ్మలు వరసకడతాయి. ట్యాంకుకు మూత బిగించడంలో అంత అందం లేదు. కూలరు నీళ్లు పారబోసినవాణ్ణి ఎవరూ శాలువాతో సన్మానించరు. ఇక నెలన్నర పాటు నీటి అడుగున చప్పుడు లేకుండా కాళ్లు మొలిపించుకునే జీవికి పురప్రముఖుల్లో చోటెక్కడిది?

ఇంతకంటే చిత్రమైన విషయం ఒకటుంది. వాన వెనకబడి వేరుశనగ విత్తనం ఇళ్లలోనే ఉండిపోయిన ఏడు, ఇదే కాలనీలో కప్పను ఊరేగించారు. రోకలికి వేపమండలు కట్టి, నడుమ ఒక కప్పను కట్టి, ఆడవారు పాడుతూ ఇంటింటికీ తిరుగుతుంటే గృహస్థులు బిందెలతో నీళ్లు పోశారు. పక్క వీధివారు పోటీగా రెండు కప్పలకు పసుపు కుంకుమలతో పెండ్లి కూడా చేశారు. ఆ రోజు అందరికంటే పెద్ద బిందె ఎత్తి పోసినవారు మన కార్యదర్శి గారే. పెండ్లికి పెద్దలై అక్షింతలు వేసినవారే, వాన కురిసి ఆ దంపతులకు సంతానం కలిగిన నాడు బకెట్టుతో రావడం ఏ శాస్త్రంలో ఉన్నదో పురోహితులను అడిగి చెప్పించగలరు. కప్పకు కట్టేసి ఉన్నప్పుడు ఒక మర్యాద, స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఇంకొక మర్యాద కాబోలు.

అభ్యంతరాలు చాలానే విన్నాను. కప్పను తాకితే పులిపిర్లు వస్తాయన్నారు. పులిపిర్లకు కారణం మనుషుల్లో తిరిగే వైరస్, దాన్ని కప్ప మీదికి తోసేయడం అన్యాయం. నేలకప్ప కంటి వెనక గ్రంథుల్లో విషం ఉండడం మాత్రం నిజమే, దాన్ని నోట కరిచిన కుక్క నురగ కక్కుతుంది. కానీ మా సంఘ సభ్యులెవరూ కప్పలను కరవరని నా నమ్మకం. కప్పలుంటే పాములు వస్తాయన్నారు. రావచ్చు, కాదనను, అయితే వాటికంటే ముందు పాములను పిలిచేవి మా ఖాళీ స్థలంలోని చెత్తకుప్పా, అందులోని ఎలుకలూ. రాత్రి గోల భరించలేమన్నారు. వినాయక చవితికి మైకు పెట్టినప్పుడు ఆ సున్నితమైన చెవులు ఎక్కడ ఉంటాయో నేను అడగదలచుకోలేదు. కప్ప కాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లోనే నిషేధించింది. వాటిని పరదేశీయుల పళ్లాల నుంచి కాపాడిన దేశంలో మన దోసిళ్ల నుంచి కాపాడే చట్టం ఏదైనా ఉంటే సంఘ నోటీసు బోర్డు మీద అంటించడానికి నేను సిద్ధం.

తమరితో పని కాకపోతే గంబూషియా చేపలను తెచ్చి వదులుతామని ఇప్పుడు ఒక ప్రతిపాదన నడుస్తున్నది. 1928లో మన దేశానికి వచ్చిన ఆ చేప దోమ పిల్లలను తింటుందన్నది నిజం. కప్ప గుడ్లనూ తోకకప్పలనూ కూడా అంతే ఇష్టంగా తింటుంది. తమరి ఉద్యోగానికి వారసుడు సిద్ధంగా ఉన్నాడని తెలియజేయడానికే ఈ సంగతి వ్రాశాను.

చివరగా ఒక కృతజ్ఞత. దసరా నాటి వానలకు కప్పలు మళ్లీ వచ్చాయి, మళ్లీ గుడ్లు పెట్టాయి, తమరు రెండో విడత కూడా వేంచేశారు. ఈసారి తోకకప్పలు కొన్ని తల్లడిల్లినా చాలావరకు బతికి బయటపడ్డాయి. ఆశ్చర్యపడి విచారించగా తెలిసిందేమంటే, తాజాగా ఉన్నప్పుడు తమరిలో మూడో వంతు దాకా పనికివచ్చే క్లోరిన్ ఉంటుంది, గాలీ తేమా తగిలేకొద్దీ అది నానాటికీ హరించుకుపోయి, చివరికి మిగిలేది దాదాపు ఉత్త సున్నమే. మా సంఘం వారు తమరి మూతి కట్టడం మరిచి, కారుతున్న కప్పు కింద వానాకాలమంతా వదిలేశారు. కాబట్టి వారి శ్రద్ధ కంటే వారి అశ్రద్ధే మా గుంటకు ఎక్కువ మేలు చేసిందని సవినయంగా మనవి చేస్తూ, కొత్తగా మంజూరైన తమరి బంధువులను కూడా అదే గదిలో, అదే మూల, అదే విధంగా నిలవ చేయించవలసిందిగా సంఘం వారికి తమరే ఒక మాట చెప్పగలరని కోరుతున్నాను.

ఇట్లు,
చివరి ఇంటివాడు,
అనంతపురం.