ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకితే లీకేజీ దొరకదు

పాత కార్లు ఉన్నవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరుగుతున్న సలహా ఇది: "కారు రెండు రోజులు పక్కన పెడితే బ్యాటరీ దిగిపోతోందా? ఇంజిన్ స్టార్ట్ చేసి, నడుస్తుండగానే నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఇంజిన్ ఆగితే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది) పోయినట్టు, ఆగకపోతే బ్యాటరీ పోయినట్టు. టెర్మినల్ మళ్లీ పెట్టేటప్పుడు నిప్పురవ్వ వస్తే వైరింగ్ షార్ట్. ఏదీ తేలకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడండి. లేదా పెద్ద బ్యాటరీ వేయించి, రోజూ ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచండి."

దీన్ని నమ్మితే మంచి బ్యాటరీని మార్చేస్తారు, లేదా మంచి ఈసీఎమ్‌ను, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను, కాల్చుకుంటారు. లీకేజీ అంటే తాళం తీశాక కూడా బ్యాటరీ నుంచి కారుతుండే కరెంటు. ఒక్కో మాటా విడిగా చూద్దాం.

"నడుస్తుండగా నెగటివ్ తీయండి." ఇది అన్నిటికంటే ముందు మానేయాల్సిన పని. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల్లో కార్బ్యురేటరూ, పాయింట్ల ఇగ్నిషనూ ఉండేవి. వైరు పీకినా పాడవడానికి వాటిలో ఎలక్ట్రానిక్స్ లేవు. ఆ అలవాటే తర్వాతి కార్లకూ అంటుకుంది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తుండగా బ్యాటరీని ఉన్నట్టుండి తప్పిస్తే, అందులోకి పోతున్న కరెంటుకు దారి ఉండదు. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ కాయిల్‌లోని అయస్కాంతశక్తి అదే క్షణంలో తగ్గిపోదు. సెకనులో కొంత భాగం పాటు వోల్టేజ్ కొన్ని పదుల వోల్టులకు లేస్తుంది. ఆ దెబ్బ ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే) కారులో ఈసీఎమ్‌కు, స్టీరియోకు, ఆల్టర్నేటర్‌లోనే ఉండి వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్‌కు, కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే డయోడ్లకు తగులుతుంది.

పోనీ ఏమీ కాలిపోలేదనుకుందాం. తెలిసేదేమిటి? బ్యాటరీ బాగున్నా బాగులేకపోయినా ఆల్టర్నేటర్ పనిచేస్తుంటే ఇంజిన్ నడుస్తూనే ఉండొచ్చు. ఒక డయోడ్ లీకవుతున్నా నడుస్తుంది, రాత్రి బ్యాటరీని ఖాళీ చేసేది ఆ డయోడే అయినా సరే. బ్యాటరీ దిగేది తాళం తీశాక. ఈ పరీక్ష చూసేది తాళం ఆన్‌లో ఉన్నప్పుడు.

ఆల్టర్నేటర్‌ను చూడాలంటే మల్టీమీటర్ చాలు, ఏ వైరూ పీకక్కర్లేదు. కారు రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ పోస్టుల మీద 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలినట్టు. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేస్ ఇస్తే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినా 13.5 దగ్గర నిలబడాలి. అదే పోస్టుల మీద మీటర్‌ను ఏసీ వోల్టుల్లోకి మార్చి చూడండి. 0.5 దాటితే డయోడ్లను అనుమానించాలి.

"ఆగకపోతే బ్యాటరీ పోయినట్టు." బ్యాటరీదా, కారుదా తప్పు అని తేల్చడానికి ఇంతకంటే సులువైన పని ఉంది. బ్యాటరీని ఛార్జర్‌తో నిండా ఛార్జ్ చేసి, ఇంజిన్ ఆపి, తాళం తీసి, నెగటివ్ టెర్మినల్ విప్పి రెండు రాత్రులు అలా వదిలేయండి. మళ్లీ బిగిస్తే సెల్ఫ్ జోరుగా తిరిగిందంటే బ్యాటరీ బాగుంది, లీకేజీ కారులో ఉంది. ఏమీ తగిలించకుండానే 12.6 కాస్తా 12.2కు వచ్చిందంటే బ్యాటరీ లోపలే తినేస్తోంది. పై మూత మీద యాసిడ్ తడి, మట్టి పేరుకున్నా కొంత కరెంటు అక్కడే కారుతుంది. బిరడాలు గట్టిగా మూసి, వంటసోడా కలిపిన నీళ్ల గుడ్డతో తుడిచి, మంచినీళ్ల గుడ్డతో మళ్లీ తుడిచి, ఆరాక పరీక్ష మొదలుపెట్టండి.

"నిప్పురవ్వ వస్తే షార్ట్." కాదు. స్టీరియోలో, ఈసీఎమ్‌లో కరెంటును కాసేపు దాచుకునే కెపాసిటర్లుంటాయి. ఖాళీగా ఉన్న కెపాసిటర్ కరెంటు తగలగానే ఒక్కసారి లాగుతుంది, చిన్న రవ్వ వస్తుంది. తలుపు తెరిచి ఉంటే లోపలి లైటు కూడా రవ్వ పుట్టిస్తుంది. నిజంగా షార్ట్ ఉంటే ఫ్యూజు పోతుంది, లేదా వైరు కాలుతుంది. రాత్రంతా నిమ్మళంగా బ్యాటరీని తినే 300 మిల్లీఆంపుల లీకేజీని రవ్వ సైజు చూసి ఎవరూ చెప్పలేరు. కొలవాల్సిందే.

కొలిచే పద్ధతి వివరంగా చెప్పుకోవాలి, తప్పులన్నీ జరిగేది ఇక్కడే. తాళం తీసి, అన్ని స్విచ్‌లూ ఆపండి. లోపలికి చెయ్యి పెట్టాల్సిన తలుపు తెరిచి ఉంచి, దాని పిన్ స్విచ్‌ను టేపుతో నొక్కిపెట్టండి. మీటర్ ఎర్ర ప్రోబును 10 ఆంపుల రంధ్రంలో పెట్టి, డయల్‌ను డీసీ ఆంపుల్లోకి తిప్పండి. నెగటివ్ వైరు విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ మధ్య మీటర్ పెట్టాలి. మీటర్ ఉన్నంతసేపూ తాళం తిప్పకూడదు. సెల్ఫ్ వంద ఆంపుల పైనే లాగుతుంది, మీటర్ ఫ్యూజు పోతుంది.

ఆ మీటర్ ఫ్యూజు సంగతి చాలామంది మరిచిపోతారు. అది ముందే పోయి ఉంటే మీటర్ 0.00 చూపిస్తుంది, లీకేజీ లేదనుకుని వదిలేస్తారు. అందుకే ముందుగా ఒక 5 వాట్ల కారు బల్బును మీటర్‌తో సిరీస్‌లో బ్యాటరీకి పెట్టి చూడండి. బల్బు వెలిగి, 0.4 దగ్గర రావాలి. పనయ్యాక ఎర్ర ప్రోబును తిరిగి వోల్టుల రంధ్రంలో పెట్టడం మరవొద్దు. ఆంపుల రంధ్రంలో ఉంచి బ్యాటరీ రెండు పోస్టులూ ముట్టిస్తే అది నేరుగా షార్టే.

కార్బ్యురేటర్ మారుతి 800 లాంటి బండిలో అంకె నిమిషంలో నిలబడుతుంది. ఈసీఎమ్, సెంట్రల్ లాకింగ్, అలారం ఉన్న కారు నిద్రపోవడానికి అరగంట ఇవ్వండి. ఆ తర్వాత 50 మిల్లీఆంపుల లోపు ఉంటే సరే. 400 దగ్గర ఉంటే డిక్కీ లైటో, గ్లవ్ బాక్స్ లైటో ఆరడం లేదేమో ముందు చూడండి. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి లోపల పెట్టి మూత మూస్తే లైటు ఆరిందో లేదో అదే చెబుతుంది.

"ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడండి." కార్బ్యురేటర్ బండికి ఈ సలహా తప్పు కాదు. కంట్రోల్ యూనిట్లు ఎక్కువున్న కారులో మాత్రం ఫ్యూజు పీకి పెట్టగానే నిద్రపోయిన యూనిట్ మళ్లీ లేస్తుంది, ఇరుక్కున్న రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వదిలేస్తుంది, తప్పు ఆ రోజుకు మాయమవుతుంది. బ్యాటరీ వైరు బిగించే ఉంచి, ఫ్యూజు పీకకుండా, దాని నెత్తిన కనిపించే రెండు లోహపు చుక్కల మీద ప్రోబులు ఆనించి మిల్లీవోల్టులు చదవండి. సున్నా అయితే అందులో కరెంటు పోవడం లేదు. 10 ఆంపుల ఎర్ర బ్లేడ్ ఫ్యూజు మీద 1 మిల్లీవోల్టు అంటే సుమారు 130 మిల్లీఆంపులు. 15 ఆంపుల నీలం ఫ్యూజు మీద అయితే సుమారు 200. ఫ్యూజు దొరికాక ఆ లైను మీద ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే విప్పుతూ పోవడమే. పాత కార్లలో ముందుగా బయట బిగించిన స్టీరియో వెనక చూడండి. ఎప్పుడూ కరెంటుండే పసుపు వైరునూ, తాళంతో రావాల్సిన ఎర్ర వైరునూ కలిపి మెలేసి టేపు చుట్టేసి ఉంటారు. అలా ఉంటే స్టీరియోకు తాళం తీసినట్టే తెలియదు.

ఫ్యూజులన్నీ సున్నా చూపిస్తున్నా లీకేజీ అలాగే ఉందా? అప్పుడు ఫ్యూజు బాక్సును దాటి నేరుగా బ్యాటరీ నుంచి పోయే వైర్లను చూడాలి: ఆల్టర్నేటర్, సెల్ఫ్, బయట వేయించిన హారన్, ఫాగ్ లైట్లు, ఆంప్లిఫయర్, ట్రాకర్. రాత్రంతా ఆగిన కారు ఇంజిన్ చల్లగా ఉండి, ఆల్టర్నేటర్ వెనక భాగం మాత్రం చేతికి గోరువెచ్చగా తగిలితే డయోడ్ లీకవుతున్నట్టే. రూఢి చేసుకోవడానికి ముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆ తర్వాతే ఆల్టర్నేటర్ లావు వైరు నట్టు విప్పండి. ఈ వరుస తప్పితే స్పానర్ బాడీకి తగిలి మంటలొస్తాయి. వైరు చివర టేపు చుట్టి మళ్లీ కొలవండి. లీకేజీ పోయిందంటే ఆల్టర్నేటర్ మొత్తం మార్చక్కర్లేదు, చాలా వాటికి డయోడ్ ప్లేటు విడిగా దొరుకుతుంది.

"పెద్ద బ్యాటరీ వేయించండి." ఆరని 5 వాట్ల లైటు రోజుకు 10 ఆంపియర్-అవర్లు తింటుంది. మారుతి 800, ఆల్టోల్లో వేసే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లోపే సగానికి దిగుతుంది. దాని బదులు 65ది ఇరికిస్తే మూడు రోజులు. అది ట్రేలో సరిగా కూర్చోక, పోస్టు బానెట్‌కు తగిలే ప్రమాదం అదనం.

"రోజూ ఐదు నిమిషాలు." ఒక్కసారి సెల్ఫ్ కొట్టడానికి అయ్యే ఖర్చు 0.1 ఆంపియర్-అవర్ చుట్టూ ఉంటుంది, అది ఐదు నిమిషాల్లో తిరిగి వస్తుంది, నిజమే. కానీ 500 మిల్లీఆంపుల లీకేజీ రోజుకు 12 లాగేస్తుంది. ఆల్టర్నేటర్ 20 ఆంపులు ఇచ్చినా ఐదు నిమిషాల్లో చేరేది 2 కూడా కాదు. లీకేజీ దొరికేదాకా రోజూ నెగటివ్ విప్పి పెట్టడమే మేలు.

లీకేజీ 50 మిల్లీఆంపుల లోపే ఉంది, బ్యాటరీ 12.6 చూపిస్తోంది, అయినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందంటే అది బ్యాటరీ దిగిన కేసు కాదు, ఎర్త్ కేసు, అంటే బ్యాటరీ నెగటివ్‌ను బాడీకీ ఇంజిన్‌కూ కలిపే దారిలో లోపం. వోల్టుల్లో పెట్టిన మీటర్‌ను బ్యాటరీ నెగటివ్ పోస్టుకూ ఇంజిన్ బ్లాకుకూ ఆనించి, వేరొకరితో సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ బోల్టు విప్పి, కింద పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వ్యాసలీన్ రాయండి.