కళ్లెదుట కంప్యూటర్ ఉంటే లెక్కలు భద్రమేనా?

"క్లౌడ్ మనలాంటివాళ్లకి కాదు. లెక్కలన్నీ విదేశాలకి పోతాయి, నెట్ ఆగితే కొట్టు మూతే, పైగా నెలనెలా అద్దె. కొట్లో కంప్యూటర్ అయితే కళ్లెదుటే ఉంటుంది." పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారుల ఫోన్లలో తెగ తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇదీ. క్లౌడ్ అంటే లెక్కల్ని కొట్లో కంప్యూటర్‌లో కాకుండా, నెట్ ద్వారా వేరేచోట ఓ కంపెనీ నడిపే సర్వర్లలో, అంటే పెద్ద కంప్యూటర్లలో, దాచుకోవడం.

ముందు ఆ 'కళ్లెదుట' సంగతి చూద్దాం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది ఈ పలాస పక్కనే. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రాత్రి రేకులు లేచిపోయి, బల్ల కింద సీపీయూ నీళ్లలో నానితే? సెల్ సిగ్నల్ కూడా పోతుంది కాబట్టి క్లౌడ్‌లో పెట్టినా ఇక్కణ్నుంచి తెరవలేం, ఒప్పుకుంటాను. కానీ తెరవలేకపోవడం వేరు, పోగొట్టుకోవడం వేరు. విశాఖలో చుట్టాలింటికి వెళ్లి ఫోన్‌లో చూసుకున్నా, గోడౌన్‌లో ఎన్ని బస్తాల పిక్కలున్నాయో, ఏ పార్టీ 320 గుండు (ముక్క కాని జీడిపప్పులో ఒక రకం) పట్టుకెళ్లి ఎంత బాకీ పడ్డాడో తెలుస్తుంది. బీమావాళ్లు మొదట అడిగేది ఆ స్టాకు లెక్కే.

విదేశాలకి పోతాయా? క్లౌడ్ సేవలమ్మే అమెజాన్ సర్వర్లు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి ఉన్నాయి. డేటా ఎక్కడుండాలో ఎంచుకునే వీలుంది. రెడీమేడ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొంటే మాత్రం ఆ ఎంపిక అమ్మినవాడిది, అడిగి రాయించుకోండి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకైతే ఖాతాల బ్యాకప్ రోజూ మన దేశంలోని సర్వర్‌లోనే ఉండాలని 2022లో రూల్ కూడా వచ్చింది.

నెట్ ఆగితే కొట్టు మూతా! యాభై వేలు దాటిన సరుకు లారీ ఎక్కాలంటే ఈ-వే బిల్లు కోసం ఇప్పుడూ నెట్ వైపే చూస్తున్నాం కదా. నెట్ లేనప్పుడు బిల్లు కొట్టుకుని, వచ్చాక పైకి పంపే యాప్‌లూ ఉన్నాయి.

అద్దె మాట కొంత నిజం. ఒక్క కంప్యూటర్‌తో నడిచే కొట్టుకి అంతా క్లౌడ్‌లోకి మార్చక్కర్లేదు. గూగుల్ ఖాతాతో ఉచితంగా వచ్చే 15 జీబీలో రోజువారీ బ్యాకప్ పడేస్తే చాలు.

మెసేజ్‌లో లేని అసలు ప్రమాదాలు రెండు. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ (సర్వర్లుండే భవనం) కాలిపోతే, వేరేచోట కాపీ పెట్టుకోని కస్టమర్లు డేటా పోగొట్టుకున్నారు. అంటే క్లౌడ్‌లో ఉన్నదానికీ ఇంకో కాపీ ఉండాలి. రెండోది పాస్‌వర్డ్. మానేసిన గుమాస్తా ఫోన్‌లో ఓనరు లాగిన్ ఇంకా తెరిచే ఉంటే, సర్వర్ ముంబైలో ఉన్నా కాశీబుగ్గలో ఉన్నా ఒకటే.