పది ఆటలు తగ్గించండి, రోజులు మాత్రం తగ్గించకండి

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో జట్టు అక్టోబరు రెండో సగంలో మొదలుపెట్టి ఏప్రిల్ రెండో వారం వరకు 82 ఆటలు ఆడుతుంది. ముప్పై జట్లవీ కలిపితే 1,230 ఆటలు. ఇంత సుదీర్ఘమైన రెగ్యులర్ సీజన్ ముగిసేసరికి పోటీ నుంచి పూర్తిగా తప్పుకొనేవి పది జట్లు మాత్రమే. లీగ్‌లోని రెండు విభాగాలను కాన్ఫరెన్సులంటారు; ఒక్కోదానిలో పదిహేను జట్లు. ఒక్కో కాన్ఫరెన్సులో మొదటి ఆరు స్థానాల్లో నిలిచినవి నేరుగా ప్లేఆఫ్స్‌కు, అంటే విజేతను తేల్చే చివరి దశకు వెళతాయి. ఏడు నుంచి పదో స్థానం వరకు ఉన్నవి మిగిలిన రెండేసి చోట్ల కోసం ప్లే-ఇన్ ఆటలు ఆడతాయి. ఎక్కువ జట్లకు చివరిదాకా ఆశ మిగలడం మంచిదే. కానీ పది జట్లను పక్కన పెట్టడానికి 1,230 ఆటలు అవసరమా? 72 ఆటల సీజన్ చాలునని నా అభిప్రాయం. అయితే ఆ పది ఆటలను తీసివేసిన తరువాత కూడా సీజన్ ఇప్పుడున్నన్ని రోజులే సాగాలి. ఈ రెండో షరతు లేకపోతే మొదటిదాని వల్ల ఒరిగేదేమీ ఉండదు.

82 అనే సంఖ్యకు ప్రత్యేకమైన మహిమ ఏదీ లేదు. 1946లో బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా పేరుతో ఈ లీగ్ పుట్టినప్పుడు ఒక్కో జట్టుకు నిర్ణయించినవి దాదాపు 60 ఆటలే. 1954లో 24 సెకన్ల గడియారాన్ని, అంటే ఆలోగా బంతిని బుట్ట వైపు వేయాలన్న గడువును ప్రవేశపెట్టి ఆట స్వరూపాన్నే మార్చివేసిన నాటికి ఆ సంఖ్య 72. బిల్ రసెల్ బోస్టన్ సెల్టిక్స్‌లో చేరి, ఆ జట్టు తొలిసారి విజేతగా నిలిచిన 1956-57 సీజన్‌లోనూ 72 ఆటలే జరిగాయి. విల్ట్ చాంబర్లేన్ ఆటకు సగటున 50.4 పాయింట్లు సాధించిన 1961-62లో అవి 80 అయ్యాయి. 82 దగ్గర స్థిరపడింది 1967-68లో. అప్పటికి లీగ్‌లో ఉన్నవి పన్నెండు జట్లు. ఒక జట్టు మిగిలిన పదకొండింటిలో ప్రతిదానితోనూ ఏడెనిమిది సార్లు తలపడేది. నేడు జట్లు ముప్పై అయ్యాయి. దూరం నుంచి వేసిన బంతికి రెండుకు బదులు మూడు పాయింట్లిచ్చే, 1979లో వచ్చిన మూడు పాయింట్ల గీత ఇప్పుడు ఆటకు కేంద్రమైంది. రక్షణలో ఉన్న ఆటగాడు బాస్కెట్ దగ్గర నిలబడి కాచుకుంటే చాలదు, బంతి చేతులు మారిన ప్రతిసారీ గీత దాకా పరుగెత్తి మళ్ళీ వెనక్కి రావాలి. ఇన్ని మారినా 82 మాత్రం మారలేదు. దాన్ని సంప్రదాయమని సమర్థించేవారు, 72 అంతకన్నా పాత సంప్రదాయమన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

సీజన్‌ను కుదించడం ఇదివరకే జరిగింది కదా, ఆ సీజన్లు ఏమంత గొప్పగా ఉన్నాయని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. యాజమాన్యాలకూ ఆటగాళ్ళకూ మధ్య ఒప్పందం కుదరక 1998-99 సీజన్ ఫిబ్రవరిలో గాని మొదలు కాలేదు. 50 ఆటలను 90 రోజుల్లో కుక్కారు. వరుసగా మూడు రాత్రులు మూడు ఆటలు ఆడిన సందర్భాలు అప్పుడు వచ్చాయి. అటువంటి మరో ప్రతిష్టంభన తరువాత 2011 క్రిస్మస్ రోజున మొదలైన సీజన్‌లో 124 రోజుల్లో 66 ఆటలు ఆడించారు. కరోనా కాలంలో 2020 అక్టోబరు 11న ఫైనల్స్ ముగిస్తే, రెండున్నర నెలలైనా గడవకముందే, డిసెంబరు 22న తరువాతి సీజన్ ఆరంభమైంది. అందులో 146 రోజుల్లో 72 ఆటలు. ఈ లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 1999లో సగటున 1.8 రోజులకు ఒక ఆట, 2011-12లో 1.9 రోజులకు ఒకటి, 2020-21లో 2 రోజులకు ఒకటి పడింది. 82 ఆటలతో పూర్తిగా సాగిన 2024-25 సీజన్ 174 రోజులు నడిచింది కనుక అందులో సగటు 2.1 రోజులు. అంటే లీగ్ సీజన్‌ను తగ్గించిన ప్రతిసారీ ఆటల కన్నా రోజులనే ఎక్కువగా తగ్గించింది, ఫలితంగా చిన్న సీజన్లు పెద్ద సీజన్ కన్నా ఇరుకుగా తయారయ్యాయి. తీరిగ్గా సాగే చిన్న సీజన్ ఎలా ఉంటుందో మనలో ఎవరమూ ఇంతవరకు చూడలేదు. అదే 174 రోజుల్లో 72 ఆటలు పెడితే సగటు 2.4 రోజులవుతుంది. దశాంశాల్లో చూస్తే ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు గానీ, వరుస రాత్రుల్లో రెండేసి ఆటలు ఆడే జంటలు ఇప్పుడు ఒక్కో జట్టుకు ఏడాదికి సుమారు పదిహేను ఉంటున్నాయి. పది ఆటలు తీసివేస్తే వాటిలో చాలా భాగం అవసరమే ఉండదు.

ఇక్కడ గాయాల ప్రస్తావన రాక తప్పదు. 2025 ప్లేఆఫ్స్‌లో డేమియన్ లిలార్డ్, జేసన్ టేటమ్, టైరీస్ హాలిబర్టన్ ముగ్గురికీ మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్ తెగింది. హాలిబర్టన్‌కు అది ఫైనల్స్ ఏడో ఆటలో, జూన్ 22న జరిగింది. ముగ్గురూ సున్నా నంబరు చొక్కా ధరించేవారే కావడంతో దాని మీద చాలా మూఢనమ్మకపు చర్చ నడిచింది; అంతకన్నా ఎక్కువ చర్చ సీజన్ నిడివి మీద నడిచింది. కానీ 2024 జనవరిలో లీగ్ విడుదల చేసిన నివేదిక ప్రకారం, విశ్రాంతి పేరుతో ఆటలు మానుకున్నవారికి తరువాత గాయాలు తక్కువయ్యాయనడానికి ఆధారం దొరకలేదు. ఆ నివేదికను లీగ్ తన అవసరానికి అనుకూలంగా వాడుకున్నదని అనుమానించవచ్చు గానీ, దానికి విరుద్ధమైన రుజువును నేను చూపలేను. అందువల్ల నా వాదనను గాయాల మీద నిలబెట్టను. ఒక ఆటకు ఉండవలసిన విలువ మీద, దాన్ని చూడటానికి వచ్చినవారి హక్కు మీద నిలబెడతాను.

లీగ్ షెడ్యూలు ప్రకారం ఒక జట్టు ఎదుటి కాన్ఫరెన్సులోని ఒక్కో జట్టు ఊరికి ఏడాదికి ఒక్కసారే వెళుతుంది. అట్లాంటాలోనో షార్లెట్‌లోనో ఉండే పిల్లవాడు తన ఊళ్ళో ఎదుటి కాన్ఫరెన్సు జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ స్టార్ స్టెఫెన్ కరీ ఆటను చూడాలంటే రెగ్యులర్ సీజన్‌లో అతనికి ఉన్నది ఒకే ఒక్క రాత్రి. అమెరికాలోని మన తెలుగు సంఘాల కుటుంబాలు చాలావరకు అటువంటి రాత్రి కోసమే నెలల ముందు టికెట్లు కొంటాయి. ఆ రాత్రి జట్టు తన ప్రధాన ఆటగాడికి విశ్రాంతి ఇస్తే, కొన్న టికెట్టుకు ఆట దొరుకుతుంది గానీ చూడాలనుకున్న మనిషి దొరకడు. కోచ్‌ను తప్పుపట్టలేము. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండులో నాలుగేసి విజయాలు అతనికి కావాలి. జనవరిలో పోయే ఒక ఆట ఎనభై రెండింటిలో ఒకటి మాత్రమే. టెస్టు సిరీస్‌లో బుమ్రాను ఏ మ్యాచ్‌కు ఆపాలి అన్న చర్చను ఆసక్తిగా అనుసరించే మన పాఠకులకు ఈ లెక్క కొత్తగా వివరించనక్కరలేదు.

లీగ్ దీన్ని జరిమానాలతో అదుపు చేయాలని చూస్తున్నది. 2012 నవంబరులో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు మయామీలో ఆట ఉండగా టిమ్ డంకన్, టోనీ పార్కర్, మను జినోబిలి, డానీ గ్రీన్‌లను ముందుగానే ఇంటికి పంపించివేస్తే, నాటి కమిషనర్ డేవిడ్ స్టెర్న్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేశారు. 2023-24 నుంచి అది విధానంగా మారింది: ఒకే ఆటలో ఇద్దరు స్టార్లకు విశ్రాంతి ఇవ్వకూడదు, దేశమంతటా ప్రసారమయ్యే ఆటలకు వారు అందుబాటులో ఉండాలి. అదే ఏడాది నుంచి ప్రధాన వార్షిక పురస్కారాలకు అర్హత కావాలంటే 65 ఆటలు ఆడాలన్న నిబంధన కూడా వచ్చింది. ఈ చివరిది నాకు బొత్తిగా నచ్చలేదు. పురస్కారం అంటే జ్ఞాపిక మాత్రమే కాదు, ఒప్పందంలోని జీతం దాని మీద ఆధారపడుతుంది. ఆ మొదటి ఏడాదే హాలిబర్టన్ తొడ కండరం గాయంతో సతమతమవుతూ 69 ఆటలు పూర్తి చేశాడు. ఆ ఏడాది అత్యుత్తమ ఆటగాళ్ళను ఎంచే ఆల్-ఎన్‌బీఏ జట్టులో చోటు దక్కడం వల్ల అతని అయిదేళ్ళ ఒప్పందానికి సుమారు 4 కోట్ల డాలర్లు అదనంగా చేరాయి. ఆటలు ఎక్కువై అలసట వస్తున్నదని గ్రహించి, ఆటలను తగ్గించకుండా అలసినవాడి జీతాన్ని తాకట్టు పెట్టడం న్యాయమనిపించుకోదు.

లీగ్ స్వయంగా చేసిన మరో ప్రయోగం నా పక్షాన సాక్ష్యం చెబుతుంది. 2023లో సీజన్ మధ్యలో ఒక టోర్నమెంటు ప్రవేశపెట్టారు. మొదటి ఏడాది లాస్ వేగాస్‌లో జరిగిన తుది పోరులో లేకర్స్ జట్టు ఇండియానా పేసర్స్‌ను ఓడించింది. గ్రూపు దశలో ఒక్కో జట్టుకు ఉండేవి నాలుగే ఆటలు. నవంబరు నెలలో, అదే ఆటగాళ్ళు, అదే కోర్టుల్లో, ఆ నాలుగు ఆటలను మిగిలినవాటి కన్నా కసిగా ఆడటం అందరూ గమనించారు. గెలిచిన జట్టులో ఆటగాడికి అయిదు లక్షల డాలర్ల బహుమానం ఉండటం ఒక కారణమని ఒప్పుకుంటాను, ముఖ్యంగా చిన్న జీతాలవారి విషయంలో. అయితే ఆటలు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కోదాని బరువు పెరుగుతుందన్నది అంతకన్నా పెద్ద కారణం. దీనికి పూర్తి వ్యతిరేక చిత్రాన్ని అదే సీజన్‌లో డిట్రాయిట్‌లో చూశాము. పిస్టన్స్ వరుసగా 28 ఆటలు ఓడిపోయి డిసెంబరు 30న ఆ పరంపరను తెంచుకునే నాటికి వారి ఖాతాలో 3 విజయాలు, 29 ఓటములు ఉన్నాయి. ఇంకా ఆడవలసిన ఆటలు 50 మిగిలాయి. అటువంటి జట్టుకు ఓడిపోవడమే లాభం, ఎందుకంటే కొత్త ఆటగాళ్ళను ముందుగా ఎంచుకునే వంతులు తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో అవకాశాలు మెరుగవుతాయి. 2023 ఏప్రిల్‌లో డాలస్ మావరిక్స్ ప్లే-ఇన్ ఆశ ఉండగానే ప్రధాన ఆటగాళ్ళను పక్కన పెట్టి ఏడున్నర లక్షల డాలర్ల జరిమానా కట్టింది. ఆటల సంఖ్య తగ్గిస్తే ఈ జాడ్యం పూర్తిగా పోదు, కానీ అది సాగే కాలం తగ్గుతుంది.

షెడ్యూలు సమానత్వం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అదే అన్నింటికన్నా బలమైన కారణంగా తోస్తుంది. ఇప్పటి 82 ఆటలు ఇలా పంచబడ్డాయి: సొంత డివిజన్‌లోని (కాన్ఫరెన్సులో అయిదు జట్ల ఉపవిభాగం) మిగిలిన నాలుగు జట్లతో నాలుగేసి, కాన్ఫరెన్సులోని మిగిలిన పది జట్లలో ఆరింటితో నాలుగేసి, నాలుగింటితో మూడేసి, ఎదుటి కాన్ఫరెన్సులోని పదిహేనింటితో రెండేసి. ఏ నాలుగు జట్లతో మూడేసి పడతాయన్నది ఏటా మారుతుంది. ఆరో స్థానానికీ ఏడో స్థానానికీ, అంటే నేరుగా ప్లేఆఫ్స్‌కు వెళ్ళడానికీ ప్లే-ఇన్‌లో చెమటోడ్చడానికీ మధ్య తరచుగా ఒక్క ఆటే తేడా ఉంటుంది. ఒక జట్టుకు బలహీనుడితో నాలుగో ఆట దొరికి, మరొకదానికి దొరకకపోతే ఆ తేడా అక్కడే పుట్టవచ్చు. 72 ఆటల్లో ఈ వంకర ఉండదు. కాన్ఫరెన్సులోని పద్నాలుగు జట్లతో మూడేసి చొప్పున 42, ఎదుటి కాన్ఫరెన్సుతో రెండేసి చొప్పున 30. మూడేసి ఆటల్లో ఏడు జట్లను రెండుసార్లు సొంత ఊళ్ళో, మిగిలిన ఏడింటిని ఒక్కసారి సొంత ఊళ్ళో ఎదుర్కొంటే, మొత్తం మీద 36 ఇక్కడ, 36 బయట అవుతాయి. మరుసటి ఏడాది ఆ ఏడుకూ ఈ ఏడుకూ తారుమారు చేయవచ్చు. 2020-21లో లీగ్ ఆటలను పంచింది సరిగ్గా ఈ లెక్కతోనే. కొందరు ఇంకా ముందుకు వెళ్ళి, ప్రతి జట్టుతోనూ రెండేసి చొప్పున 58 చాలంటారు. అది నాకు సమ్మతం కాదు. నిక్స్, సెల్టిక్స్ వంటి పాత ప్రత్యర్థులు ఏడాదికి రెండుసార్లే కలిస్తే వైరానికి పదును పోతుంది.

రికార్డులు చెదురుతాయన్న ఆందోళనకు ఎక్కువ చోటు ఇవ్వనక్కరలేదు. 2015-16లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ గెలిచిన 73 ఆటలను ఇక ఎవరూ దాటలేరు, అంతే. ఆ ఏడాది ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం చేజార్చుకుని క్లీవ్‌లాండ్ చేతిలో ఓడిన జట్టుకు ఆ ఓదార్పు శాశ్వతంగా మిగలనివ్వవచ్చు.

అసలు అడ్డంకి డబ్బు. 1,230 ఆటలు 1,080కి దిగితే ఒక్కో జట్టుకు అయిదు రాత్రుల టికెట్ల ఆదాయం పోతుంది. లీగ్ రాబడిలో సుమారు సగం ఆటగాళ్ళకు చేరుతుంది కనుక ఈ నష్టం యజమానులది మాత్రమే కాదు. ఆటలు తగ్గించాలని కోరే ఆటగాడు తన జీతంలో కోతకు కూడా సిద్ధపడాలి. వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్ ఆటలు తగ్గాలని బహిరంగంగా చెబుతూ వస్తున్నారు, కానీ ఆ మాటను బేరసారాల బల్ల దగ్గరికి తీసుకువెళ్ళినవారు లేరు. 2025-26 నుంచి పదకొండేళ్ళకు డిస్నీ, ఎన్‌బీసీ యూనివర్సల్, అమెజాన్ సంస్థలతో కుదిరిన ప్రసార ఒప్పందాల విలువ సుమారు 7,600 కోట్ల డాలర్లు. అంత మొత్తం ఇచ్చినవారు ఆటలు తగ్గుతాయంటే ఊరుకోరన్నది నిజమే. కానీ వారు కొన్నది ప్రధాన ఆటగాళ్ళు కోర్టులో ఉండే ఆటలను. బెంచీ మీద కూర్చున్న స్టార్‌ను చూపించి ప్రకటనలు అమ్ముకోవడం ఎవరికీ లాభం కాదు. కమిషనర్ ఆడమ్ సిల్వర్ 2025 జనవరిలో మరో ఆలోచన బయటపెట్టారు: ఆటలోని నాలుగు క్వార్టర్లను పన్నెండేసి నిమిషాల నుంచి పదికి తగ్గించడం. నిమిషాలు తగ్గుతాయి గానీ విమానాలు, హోటళ్ళు, నిద్ర లేని రాత్రులు ఎక్కడివక్కడే ఉంటాయి. పైగా ఫైనల్స్ ఏడో ఆటలో కూడా ఎనిమిది నిమిషాలు కోల్పోతాము. తీసివేయవలసింది జనవరి నుంచి గాని జూన్ నుంచి కాదు.

యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య ఇప్పుడున్న కార్మిక ఒప్పందం 2029-30 వరకు అమలులో ఉంటుంది. ఇరుపక్షాలలో ఎవరైనా కోరితే ఒక ఏడాది ముందుగా తప్పుకోవచ్చు. 72 గురించి అడగవలసిన సమయం అది. అప్పుడు పురస్కారాల నిబంధన ఉండి తీరాలంటే, అదే నిష్పత్తిలో 65కు బదులు 57 అవుతుంది. సియాటెల్, లాస్ వేగాస్ నగరాల పేర్లు కొత్త జట్ల కోసం చాలాకాలంగా వినిపిస్తున్నాయి కనుక, ఆలోగా లీగ్ 32 జట్లకు పెరిగినా షెడ్యూలును ఎలాగూ తిరగరాయవలసి వస్తుంది. పదహారేసి జట్ల కాన్ఫరెన్సులైతే నా సూత్రం ప్రకారం 45, 32 కలిసి 77 ఆటలు తేలతాయి. దానికీ నాకు అభ్యంతరం లేదు. బేసి సంఖ్య కాబట్టి సొంత ఊరి ఆటలు ఒక ఏడాది 38, మరో ఏడాది 39 వస్తాయి. 17 ఆటల సీజన్‌తో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2021 నుంచి అలాగే నడుపుతున్నది.