ఒక్కో కస్టమరుకూ పదిమంది కవలలు

టెక్నాలజీ కన్సల్టింగులో అప్రెంటిస్‌షిప్ అంటే పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలు చెప్పడం అనుకుని చేరతాం. తీరా చేతికొచ్చేవి మీటింగ్ మినిట్స్, టెస్ట్ స్క్రిప్టులు, ఆపైన క్లయింటు కస్టమర్ల జాబితా. డేటాబేస్ యాక్సెస్ కోసం పెట్టిన టికెట్టు మూడో వారంలోనూ 'పరిశీలనలో'నే ఉంటుంది కాబట్టి, ఆ జాబితా సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్) మెయిల్లో వస్తుంది. 24,000 వరసలు, ఒక్కో కస్టమరుకు 16 అంకెల నంబరు. "డూప్లికేట్లున్నాయేమో చూడు, అరగంట పని" అంటాడు సీనియరు. ఎవరైనా అరగంట పని అన్నారంటే ఆ పని వాళ్లెప్పుడూ చెయ్యలేదని అర్థం.

ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తాం. చెయ్యకూడనిది అదే. ఎక్సెల్ ప్రతి నంబరునీ 4.82173ఈ+15 అని కుదించి చూపిస్తుంది. ఫార్మాట్ 'నంబర్' చేసి, దశాంశ స్థానాలు తీసేస్తే 16 అంకెలూ కనబడతాయి. ప్రాణం లేచొస్తుంది. అన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయన్నది మాత్రం కంటికి ఆనదు. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే దాచుకుంటుంది. పదహారోదాన్ని సున్నా చేసేస్తుంది. పాత వెర్షనైతే నోరు కూడా మెదపదు. క్లయింటేమో నంబర్లు వరసగా ఇచ్చుకుంటూ పోయాడు. దాంతో 4821730095516230 నుంచి 4821730095516239 దాకా పదిమందీ ఒక్కరైపోతారు.

ఇక కౌంట్‌ఇఫ్. ఒక్కో నంబరు జాబితాలో ఎన్నిసార్లుందో లెక్కపెట్టే ఎక్సెల్ ఫార్ములా అది. 24,000 వరసల్ని 24,000 వరసలతో పోల్చాలంటే 57 కోట్ల 60 లక్షల పోలికలు. ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తిపోతుంది. చివరికి జవాబు: 10. దాని కింద 10. ఆ కింద కూడా 10. (నిజమైన డూప్లికేట్లు ఇలా ఉండవు. ఒకచోట 2, ఇంకోచోట 3, మధ్యలో వందలకొద్దీ 1లు ఉంటాయి. ఇంత క్రమశిక్షణ గల తప్పు మనుషులు చెయ్యలేరని అప్పుడే అనుమానం రావాలి. రాదు. ఏదో దొరికిందన్న సంబరంలో ఉంటాం.) స్లైడు మీద ఎర్రక్షరాలతో '90 శాతం డూప్లికేట్లు' అని ఎక్కిస్తాం. సీనియరు రివ్యూ చేస్తాడు: ఎరుపు మరీ ముదురుగా ఉంది, కాస్త తగ్గించు.

మర్నాడు కాల్‌లో పన్నెండు మంది.

"అంటే మా 24,000 మందిలో నిజంగా ఉన్నది 2,400 మందేనా?" అని అడుగుతారు క్లయింటు తరఫు బిల్లింగ్ మేనేజరుగారు.

"అవునండీ." ఆ 'అండీ'లో ఎంత ధీమానో!

"బిల్లులు 24,000 మందికీ పంపుతున్నాం. డబ్బులూ వస్తున్నాయి. ఆ మిగతావి ఎవరు కడుతున్నారంటారు?"

ఎవరో మ్యూట్ చెయ్యడం మరిచిపోయి కీబోర్డు టకటకలాడిస్తుంటారు. మ్యూట్ చేసుకోవడం ఎన్నడూ మరిచిపోని సీనియరు కెమెరా సరిగ్గా అప్పుడే ఆగిపోతుంది. నెట్ బాగాలేదట.

"పోనీ, పక్క కాలమ్‌లో పేర్లు చూశారా? పదీ వేరే వేరేగా ఉన్నట్టున్నాయండీ."

ఉన్నాయి. నంబరుకు అంగుళం దూరంలో.

కాల్ అయ్యాక మళ్లీ మొదటినుంచి. డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ', అందులో 'ట్రాన్స్‌ఫార్మ్', లోడ్ కొట్టకముందే నంబరు కాలమ్‌ని టెక్స్ట్ చెయ్యాలి. డబుల్ క్లిక్‌తో తెరిచాక ఎన్నిసార్లు టెక్స్ట్ చేసినా పోయిన అంకె తిరిగి రాదు. ఇప్పుడు చివరి అంకెలన్నీ క్షేమం. మళ్లీ కౌంట్‌ఇఫ్ కొడతాం.

10. 10. 10.

టెక్స్టే అయినా అంకెల్లా కనిపిస్తే చాలు, కౌంట్‌ఇఫ్ దాన్ని సంఖ్యగానే లెక్కేస్తుంది. మళ్లీ 15 అంకెలే. సమ్‌ప్రొడక్ట్ అనే ఇంకో ఫార్ములాలో సమానం గుర్తు పెట్టి పోల్చాలి, లేదా పివట్ టేబుల్ (ఏది ఎన్నిసార్లుందో తేల్చే పట్టిక) వెయ్యాలి. ఈ ముక్క ట్రైనింగ్ స్లైడ్లలో ఎక్కడా లేదు. కన్సల్టెంటు కూర్చునే తీరు మీద మాత్రం మూడు స్లైడ్లున్నాయి.

సాయంత్రం టైమ్‌షీట్. ఈ నాలుగు గంటలూ ఏ కోడ్ కింద రాయాలని అడిగితే 'స్వీయ అభ్యాసం' అంటాడు సీనియరు. ఎరుపు తగ్గించమన్న పావుగంట మాత్రం క్లయింటు బిల్లులోకి వెళ్తుంది.