మానని పుండును కోసే చెయ్యి ఏది?

ముక్కు పక్కన నల్లగా చిన్న బొడిపె. పుట్టుమచ్చేలే అని వదిలేస్తారు. కొన్నాళ్లకు పగిలి పుండవుతుంది. మెడికల్ షాపువాళ్లు ఇచ్చిన ఆయింట్‌మెంట్ ఓ ఆర్నెల్లు, ఎవరో చెప్పిన పసరు ఇంకో ఆర్నెల్లు రాసి, చివరికి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ముక్క తీసి పరీక్షకు పంపుతారు. బేసల్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం చర్మక్యాన్సర్ అని రిపోర్టు వస్తుంది. సరే, ఇప్పుడు దీన్ని ఎవరు కోయాలి?

మన దగ్గర సాధారణంగా క్యాన్సర్ సర్జన్ కోస్తారు, ప్లాస్టిక్ సర్జన్ మూస్తారు, ముక్క ల్యాబుకు వెళ్తుంది. అంచులో ఇంకా క్యాన్సర్ మిగిలిందని కొన్ని రోజుల తర్వాత తెలిస్తే కుట్టిన చోటే మళ్లీ కత్తి. పైగా ల్యాబులో ఆ ముక్కను బ్రెడ్డు కోసినట్టు నిలువుగా కోసి కొన్ని స్లైడ్లే చూస్తారు, అంటే మొత్తం అంచులో నూటికి ఒకటో రెండో వంతు కూడా కంటపడదు.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1930లలో ఫ్రెడరిక్ మోస్ అనే సర్జన్ మొదలుపెట్టాడు, అందుకే దీన్ని మోస్ పద్ధతి అంటారు. ఇప్పటి పద్ధతిలో ఆ చోటుకు మాత్రమే మత్తు ఇచ్చి, గిన్నె ఆకారంలో పల్చటి పొర తీసి, అంచులకు రంగులు పూసి, దాన్ని అప్పడంలా పరిచి గడ్డకట్టించి కోస్తారు. అడుగూ అంచూ మొత్తం ఒకే స్లైడ్ మీదికి వచ్చేస్తాయి. అసలు సంగతేంటంటే, కోసిన డాక్టరే మైక్రోస్కోపులో చూస్తాడు. ఏ మూల మిగిలిందో గీసుకున్న పటంలో గుర్తుపెట్టి ఆ మూలే మళ్లీ తీస్తాడు. పేషెంటు కట్టుతో బయట కూర్చుని ఉంటాడు, చాలావరకు సాయంత్రానికల్లా పని అయిపోతుంది. మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ క్యాన్సర్‌లో 99 శాతం దాకా నయమవుతుందని లెక్క. ముక్కు, కనురెప్ప, చెవి లాంటి చోట్ల ఒక్క మిల్లీమీటరు చర్మం మిగిలినా ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా రావాలంటే కత్తి పట్టడం, స్లైడు చదవడం, గాయం మూయడం మూడూ ఒకే మనిషికి రావాలి. అమెరికాలో చర్మవైద్యం చదివాక దీనికోసమే ఇంకో ఏడాది ఫెలోషిప్ ఉంది, 2021లో విడిగా బోర్డు పరీక్ష కూడా పెట్టారు. దాని మీద అక్కడ పెద్ద గొడవే అయింది. ఫెలోషిప్ లేకుండానే ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాళ్లు మా పేషెంట్లను లాక్కుంటారా అన్నారు, అప్పటికే చేస్తున్నవాళ్లను కూడా కొన్నేళ్లపాటు పరీక్ష రాయనిచ్చారు. ఆ గొడవ చూస్తే మాకు కాస్త అసూయే. మన దగ్గర కొట్లాడుకోవడానికైనా చేసేవాళ్లు ఉండాలి కదా!

పీజీ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ఎగబడే సీట్లలో డెర్మటాలజీ ఒకటి. అలా చేరినవాళ్లలో చాలామంది మూడేళ్ల ఎండీ అయ్యాక లేజర్లు, ఫిల్లర్లు, జుట్టు నాటడం వైపు వెళ్తున్నారు. వాళ్లను తప్పుపట్టం, నేర్చుకునే దారి అటే ఉంది, డబ్బూ అటే ఉంది. అందుకే మోస్ పద్ధతి నేర్పే ఫెలోషిప్ మన దగ్గరా పెట్టాలంటున్నాం.

చర్మక్యాన్సర్ మనకు తక్కువ, ఇదంతా దండగ అనేవాళ్లు ఉంటారు. తక్కువే. అమెరికాలో ప్రతి ఐదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అంచనా, మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ మనల్ని చాలావరకు కాపాడుతోంది. కానీ పాత కాలిన మచ్చల్లో, ఏళ్లతరబడి మానని పుళ్లలో స్క్వేమస్ అనే ఇంకో రకం చర్మక్యాన్సర్ వస్తూనే ఉంది, అరికాలిలో మెలనోమా అనే రంగు కణాల క్యాన్సర్ వస్తూనే ఉంది. వీటిలో కొన్ని మోస్ పద్ధతికి లొంగవు, పెద్ద గడ్డలు క్యాన్సర్ సర్జన్లే చూడాలి. అయినా వీటిని తొందరగా గుర్తుపట్టి సరైన చోటికి పంపేది శిక్షణ ఉన్న చర్మవైద్యుడే.

కేసులు తక్కువన్న మాటే మా వాదనకు బలం. అమెరికాలో శిక్షణలో ఒక్కొక్కరూ వందల కేసులు చేస్తారు, మన దగ్గర ప్రతి మెడికల్ కాలేజీలోనూ ఫెలోషిప్ పెడితే నేర్చుకునేవాడికి నెలకు రెండు కేసులు కూడా దొరకవు. రాష్ట్రానికి ఒక్కటి చాలు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, ఉస్మానియా కలిసి, విశాఖలో కేజీహెచ్, హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి కలిసి మొదలుపెట్టవచ్చు, జిల్లాల నుంచి కేసులన్నీ అక్కడికే పంపాలి. డాక్టరుతో పాటు టెక్నీషియన్‌కూ శిక్షణ ఇవ్వాలి, ఎందుకంటే పొర సరిగ్గా పరవకపోతే అంచు స్లైడు మీదికే రాదు. పొరను గడ్డకట్టించి కోసే మెషీన్ కొని టెక్నీషియన్ పోస్టు మంజూరు చేయకుండా వదిలేయడం మన ఆసుపత్రులకు అలవాటే, కాబట్టి పోస్టు జీవో ముందు ఇచ్చి, మెషీన్ టెండరు ఆ తర్వాత పిలవండి.