వీపు చూపిస్తే గొడవ లేదు

స్నేహితుడి మొహాన్ని ఉన్నదున్నట్టు గీయడం కంటే, వాడికి అప్పిచ్చి తిరిగి అడగడం తేలిక. పారిస్ చిత్రకారుడు ఎడ్గార్ డెగాకి ఈ సంగతి చేతులు కాలాకే తెలిసింది.

1868-69 ప్రాంతంలో ఆయన మిత్రుడు, తోటి చిత్రకారుడు ఎడ్వార్డ్ మానేని సోఫాలో జారగిలబడినట్టు, భార్య పియానో వాయిస్తున్నట్టు బొమ్మ వేసి కానుకగా ఇచ్చాడు. భార్య మొహం నచ్చలేదని మానే ఆ ముక్క కాస్తా కోసేశాడు. అది చూసిన డెగా మండిపడి బొమ్మని చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. ఆ తెగిన బొమ్మ ఇప్పుడు జపాన్ మ్యూజియంలో ఉంది. మన పెళ్లి ఆల్బమ్‌లలోంచి చించేసిన బావగార్లకు ఆ యోగం లేదు.

పదేళ్లు గడిచాయి. 1879-80లో తోటి చిత్రకారిణి, అమెరికన్ స్నేహితురాలు మేరీ కసాట్‌ని ఎచింగ్‌గా, అంటే రాగిరేకు మీద గీసి కాగితంపై అచ్చు తీసే బొమ్మగా, వేసేటప్పటికి డెగాకి జ్ఞానోదయమైంది. లూవ్ర్ మ్యూజియంలో బొమ్మలు చూస్తున్న ఆమెను వెనక నుంచి గీశాడు. టోపీ, సన్నటి నడుం, చేయి ఆన్చిన గొడుగు. మొహం లేదు, పేచీ లేదు! పక్కన కూర్చున్న అక్క లిడియా గైడు పుస్తకం అడ్డం పెట్టుకుంది. ముందుచూపున్న మనిషి.

వీపే కదా అని తీసిపారేయకండి. రాగిరేకుకి మైనం పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీత పడ్డచోటే రాగిని తినేస్తుంది. అచ్చు తీసి చూడటం, నచ్చక రేకుని మళ్లీ సవరించడం, మళ్లీ అచ్చు... ఇలా ఇరవైకి పైగా దశలు. స్టూడియో అబ్బాయి మూడోసారి "కొంచెం గడ్డం దించండి సార్" అంటేనే మనం లేచిపోతాం. ఇంతా చేసి, ఇలాంటి అచ్చుబొమ్మలతో డెగా, కసాట్, మరికొందరు మిత్రులు కలిసి తేవాలనుకున్న 'పగలూ రాత్రీ' అనే పత్రిక వెలువడనే లేదు. ఈ బాధ తెలుగు సంపాదకులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

డెగా అక్కడితో ఆగాల్సింది. తర్వాత అదే కసాట్‌ని చేతిలో కార్డులతో, ఎదురుగా కూర్చున్నట్టు రంగుల్లో వేశాడు. ఏళ్ల తర్వాత ఆమె బొమ్మల వ్యాపారికి ఉత్తరం రాసింది: అమ్మిపెట్టండి, కానీ అందులో ఉన్నది నేనని ఎవరికీ తెలియకూడదు. ఇప్పుడది వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ సొత్తు, ఆమె పేరుతో సహా.

కాబట్టి స్నేహితుల దినోత్సవం ఫొటోలన్నీ వెనక నుంచే తీయాలని ప్రభుత్వం వెంటనే జీవో ఇవ్వాలి. పోయినేడు నేను గ్రూపులో పెట్టిన ఫొటోలో కళ్లు మూసుకుపోయిన మిత్రుడు ఇప్పటికీ నా ఫోన్ ఎత్తడం లేదు. అదే ఫొటోలో అటు తిరిగి టీ పోస్తున్నవాడు మాత్రం దాన్నే డీపీగా పెట్టుకున్నాడు.